థర్మోకోల్ పెట్టెల్లో తాబేటి గుడ్లు

మొన్న మా వారి షుగరు ఇంజెక్షన్లు ఇంటికి వచ్చాయి. కాలిఫోర్నియాలో, మా ఫ్రీమాంట్‌లో ఇప్పుడు మందుల షాపుకి వెళ్ళే పనే లేదు, ఎవరో వచ్చి గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, మనం తలుపు తీసేలోగా వ్యాను ఎక్కి వెళ్ళిపోతారు. తెల్లటి థర్మోకోల్ పెట్టె. వంటింటి గట్టు మీద పెట్టి మూత లాగానో లేదో కీచుమని ఒక చప్పుడు వచ్చింది చూడండి, నా ఒళ్ళంతా జలదరించింది. ఆ మూత చేత్తో పట్టుకుని ఎంతసేపు అలా ఉండిపోయానో నాకే తెలియదు. మా వారు ఐప్యాడ్‌లోంచి తలెత్తి, "ఏమిటలా నించుండిపోయావు? ఐసు కరిగిపోతుంది, ముందు ఫ్రిజ్‌లో పెట్టు" అన్నారు. నేనెందుకు నిలబడిపోయానో ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఐసు సంగతి ఎత్తారంటే, నేను మళ్ళీ ఆ పురాణం విప్పుతానని భయం. సరే, ఆయన వినరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మన తరంలో ఈ దేశం వచ్చిన తెలుగు ఆడవాళ్ళు చాలామంది మెళ్ళో పుస్తె పడ్డాక, భర్త వెనకాల, ఆవకాయ జాడీకి గుడ్డ చుట్టుకుని వచ్చినవాళ్ళే. నేను మాత్రం డెబ్బైల చివర్లో, పెళ్ళీ పెటాకులూ లేకుండా, సముద్ర జీవశాస్త్రం చదువుతానని ఒంటరిగా దిగాను. డాక్టరీ అయితే జనానికి అర్థమవుతుంది, ఇంజినీరింగ్ అయినా సరే, ఇదేం చదువు అని ఇంటా బయటా ఒకటే గోల. మాది విశాఖపట్నం. మా అమ్మ అయితే, చేపల గురించి చదవడానికి అమెరికా దాకా ఎందుకే, జాలరిపేటకి నడిచి వెళ్తే సరిపోదూ అంది. ఉల్లిపాయ కూడా పండగపూట వండని ఇంట్లో పుట్టి, ఎమ్మెస్సీలో సొరచేప తల కోసి అందులోని నరాలు ఒక్కొక్కటీ తెగకుండా పైకి తీసిన పిల్లని నేను. ఆ కంపు చేతులతో ఇంటికొస్తే మా నాయనమ్మ నన్ను పెరట్లోనే నిలబెట్టి నెత్తిన నీళ్ళు గుమ్మరించేది. అయినా నాకు ఆ పనంటే ప్రాణం. చెయ్యి వణక్కుండా కొయ్యడం ఎలాగో నాకు ఒకరు నేర్పక్కర్లేదు, అది మాత్రం నేను గొప్పగానే చెప్పుకుంటాను.

నేను చేరిన యూనివర్సిటీ ఫ్లోరిడా తీరాన ఉండేది. పేరు చెప్పను, చెబితే ఇంకా అక్కడ పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళకి నొప్పి. మా ప్రొఫెసరుగారు పొడుగ్గా, ఎండకి ఎర్రబడిన మొహంతో, ఎప్పుడూ ఉప్పు మరకల చొక్కాతో ఉండే పెద్దమనిషి. సముద్రపు తాబేళ్ళ సంరక్షణలో ఆయన పేరు చెబితే అందరూ తలూపేవారు. నా మొదటి రోజునే, మీ దేశంలో కూడా ఒడిశా ఒడ్డుకి వేల తాబేళ్ళు వస్తాయట కదా, రేపు నువ్వు తిరిగి వెళ్ళి వాటిని కాపాడాలి అని నా భుజం తట్టాడు. అబ్బ, ఆ మాటకి ఎంత పొంగిపోయానో! ఆ రాత్రే మా నాన్నకి నాలుగు పేజీల ఉత్తరం రాసి, ఆ నాలుగు పేజీల్లోనూ ఆయన్నే పొగిడాను.

ఇప్పుడు ఆ తాబేళ్ళ వ్యవహారం కొంచెం చెప్పాలి. వేసవిలో ఆడ తాబేలు చీకటి పడ్డాక ఒడ్డుకి పాక్కుంటూ వచ్చి, వెనక కాళ్ళతో ఇసుకలో గుంట తీసి, గుడ్లు పెట్టి, పూడ్చేసి, తన దారిన తను సముద్రంలోకి పోతుంది. గుడ్లు పొదిగేది ఇసుక వేడే. అయితే ఆ ఊళ్ళో రకూన్లని, కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్నట్టుండే జంతువులు ఉండేవి. తెల్లారేసరికి గుంటలన్నీ తవ్వి గుడ్లు తినిపోయేవి. వాటి బారిన పడనివి తుఫానుకి కొట్టుకుపోయేవి. అందుకని మా ప్రొఫెసరుగారు ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే ఒడ్డు వెంబడి నడిచి, కొత్త గుంటలు వెతికి, గుడ్లు పైకి తీసి, థర్మోకోల్ పెట్టెల్లో తడి ఇసుక పోసి అందులో సర్ది, ఒక షెడ్డులో వరసగా పేర్చడం. పిల్లలు బయటికి వచ్చాక తీసుకెళ్ళి సముద్రంలో వదలడం. ఆ గుడ్డు తీయడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఏ వైపు పైకి ఉందో దానికి పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, పెట్టెలో కూడా అదే వైపు పైకి ఉండేలా పెట్టాలి. ఏమాత్రం దొర్లినా లోపలి ప్రాణి చచ్చిపోతుంది.

ఈ పని చేసేది మేము కాదు, ఆ ఊరి వాళ్ళు. ఉద్యోగాలు చేసి రిటైరై సముద్రం పక్కన ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు. వాళ్ళకి పెద్ద ఒక నర్సమ్మగారు, జీవితమంతా ప్రసూతి వార్డులో పనిచేసి వచ్చిన మనిషి. ఆవిడ షెడ్డు కూడా ప్రసూతి వార్డులాగే నడిపేది. గట్టిగా మాట్లాడితే ఊరుకునేది కాదు. చెప్పులు బయట విడవమనేది, ఆ ఒక్క విషయంలో నాకు మా ఇల్లే గుర్తొచ్చేది. ఎండ తగిలితే పసివాళ్ళు వాడిపోతారని షెడ్డుని పెద్ద ఓక్ చెట్ల నీడన కట్టించింది. మరీ ఉడుకెత్తిన రోజుల్లో పెట్టెల మీద చల్లటి నీళ్ళు చిలకరించి, తన ఇంట్లోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టేది. నేనంటే ఆవిడకి ఎంతో ఇష్టం. నేను మాంసం తిననని తెలిసి, తను వండిన కూరలోంచి కోడి ముక్కలన్నీ ఓపిగ్గా ఏరేసి, ఇప్పుడిది వెజిటేరియన్ అని గిన్నె నా చేతికిచ్చేది. నేను ఇంటికి తీసుకెళ్ళి, ఆవిడకి దణ్ణం పెట్టుకుని, పక్కింటి పిల్లికి పెట్టేదాన్ని.

పిల్లల్ని వదిలే రోజున చూడాలి ఆ సంబరం! ఊరు ఊరంతా పొద్దున్నే ఒడ్డుకి వచ్చేది. బడిపిల్లలు, టోపీల ముసలాయనలు, లోకల్ టీవీ వాళ్ళ కెమెరా. నర్సమ్మగారు పెట్టె మూత తీసేది, అదే కీచుమనే చప్పుడు. అగ్గిపెట్టంత నల్లటి పిల్లలు రెక్కలాంటి కాళ్ళు టపటపలాడిస్తూ నీళ్ళవైపు పరిగెడుతుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మొదటి ఏడాది నేనూ ఏడ్చాను. లోకంలో ఒక మంచి పని జరుగుతుంటే అందులో నాకూ ఒక చెయ్యి ఉందని ఏడ్చాను. అంత సంతోషం నా చదువు మొత్తంలో మళ్ళీ కలగలేదు.

ప్రతి పెట్టెలోనూ కొన్ని పిల్లలు గుడ్డులోనే పోయేవి, కొన్ని బయటికి వచ్చాక పోయేవి. వాటిని కుళ్ళకుండా ఫార్మలిన్ సీసాలో వేసి నాకు పంపేవారు. ఎందుకు పోతున్నాయో కోసి చూడడం నా పని, నా డాక్టరేట్‌కి ఆయన ఇచ్చిన అంశం కూడా అదే. తాబేటి పిల్ల ఆడదో మగదో పైకి చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. లోపలి బీజకోశం తీసి, మైనంలో పెట్టి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే గానీ తేలదు. ఆయన అడక్కపోయినా నేను అదీ చూడడం మొదలుపెట్టాను. మంచినీటి తాబేళ్ళలో గుడ్డుకి తగిలే వేడిని బట్టి ఆడా మగా తేలుతుందని అప్పుడప్పుడే శాస్త్రజ్ఞులు మాట్లాడుకుంటున్నారు. సముద్రపు తాబేళ్ళ సంగతి ఏమిటో అని నాకు దురద.

చూసినదల్లా మగదే. ఆ పెట్టెలోదీ మగదే, ఈ పెట్టెలోదీ మగదే. మొదట నాకు చూడ్డం రాలేదనుకున్నాను, స్లైడు తిప్పి చూశాను, రంగు మార్చి చూశాను. తరవాత మా వాళ్ళ కంటపడక ఒడ్డునే పొదిగిన గుంటలు కొన్ని వెతికి, అందులో పోయిన పిల్లల్ని తెచ్చి కోశాను. వాటిలో చాలా మటుకు ఆడవే! ఒక థర్మామీటరు ఒడ్డున ఇసుకలో పాతాను, ఇంకొకటి షెడ్డులో పెట్టెలో గుచ్చాను. చెట్ల నీడ, చల్లటి నీళ్ళు, టేబుల్ ఫ్యాను, వేడిని లోపలికి రానివ్వని థర్మోకోల్. ఆ ఇసుకకీ ఈ ఇసుకకీ పొంతనే లేదు. ఎండ తగలకుండా ప్రేమగా దాచినకొద్దీ మేము మగవాటినే పుట్టిస్తున్నాం. ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టి సముద్రంలోకి పంపిన మందలో రేపు ఒడ్డుకి వచ్చి గుడ్లు పెట్టే ఆడది ఎక్కడుంది?

ఆ స్లైడ్ల ట్రేలు గుండెకి హత్తుకుని ప్రొఫెసరుగారి గదికి పరిగెత్తాను. ఆయన చూశాడు, అదీ చాలాసేపు చూశాడు. చూసి, మంచి పని చేశావు, కానీ ఇవి సరిపోవు, ఇంకా చూడాలి అన్నాడు. న్యాయమే కదా అని ఇంకో వేసవి అంతా కోశాను. నా వేళ్ళ చర్మం ఫార్మలిన్‌కి పొరలు పొరలుగా ఊడిపోయింది. ఈసారి కూడా అదే తేలింది. అప్పుడు నేను అడిగింది పెద్ద కోరికేమీ కాదు. గుడ్లని ఒడ్డునే ఉంచి, రకూన్లు తవ్వకుండా పైన ఇనప వల బిగిద్దాం, వచ్చే వేసవిలో కొన్ని గుంటలకైనా అలా చేసి చూద్దాం అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. షెడ్డుని నమ్ముకుని ఇంతమంది ఉన్నారు, ప్రభుత్వం వాళ్ళు వచ్చే ఏడాదికి మళ్ళీ గ్రాంటు ఇవ్వాలా వద్దా అని చూస్తున్నారు, ఈ సమయంలో ఇది బయటికి పొక్కితే మొత్తానికే ఎసరు అన్నాడు. ఆఖరికి, నీ థీసిస్ అంశం మార్చుకుంటే మంచిది, పిల్లలకి ఏ మేత పెడితే తొందరగా పెరుగుతాయో చూడు, అది నీకు సులువుగా ఉంటుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సులువైన పని ఎవరడిగారు ఈయన్ని?

ఆ ఊరికి గంట దూరంలో ఒక తెలుగు డాక్టరుగారి కుటుంబం ఉండేది, ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన తెలుగువాళ్ళు వాళ్ళే. ఆవిడని నేను అక్కయ్యా అనేదాన్ని. శనివారం వస్తే బస్సెక్కి వెళ్ళి, ఆవిడ చేతి ముద్దపప్పూ, డబ్బాలో వచ్చే బెండకాయలతో పులుసూ తిని, తెలుగు మాట్లాడి, నోటి తుప్పు వదిలించుకుని వచ్చేదాన్ని. ఈ సంగతి చెప్పగానే ఆవిడ చేతిలో గరిటె గిన్నెలో పడేసింది.

"నీకేమైనా మతి పోయిందా అమ్మాయ్? ఆయన సైన్ పెడితేనే కదా నీ అసిస్టెంట్‌షిప్ రిన్యూ అయ్యేది, అది లేకపోతే నీ వీసా ఏం కానూ? తాబేలు మగదైతే నీకేంటి, ఆడదైతే నీకేంటి? మేత మీద చెయ్యమన్నాడుగా, చేసేసి పీహెచ్డీ పట్టుకుని బయటపడు."

"అబద్ధం రాయమంటావా అక్కయ్యా?"

"అబద్ధం ఎవరు రాయమన్నారు? నోరు మూసుకోమన్నాను. మూసుకుంటే పోయేదేముంది!"

ఆవిడ నా మంచికే చెప్పింది, ఇప్పటికీ ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ నాది మొదటినుంచీ మూసుకునే నోరు కాదు. పైగా అప్పటికి నాకు ఒక నమ్మకం ఉండేది. ప్రొఫెసరుగారికి గ్రాంటు బెంగ ఉంది, పేరు బెంగ ఉంది, సరే. నర్సమ్మగారికి ఏముంది? ఆవిడకి తాబేళ్ళు తప్ప వేరే లోకం లేదు. ఆవిడకి తెలిస్తే ఒక్క నిమిషం ఆగదు, తనే షెడ్డు తలుపులు బార్లా తీసి పెట్టెలన్నీ బయట పారేస్తుంది, ఆవిడ అడిగితే ఆయన కాదనలేడు అనుకున్నాను. అనుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చోబెట్టి ఐస్ టీ ఇచ్చింది. నేను మెల్లగా, నొప్పి తగలకుండా, అన్నీ వివరంగా చెప్పాను. నీడ మంచిదే, నీళ్ళు మంచివే, మీరు ప్రేమతోనే చేశారు, కానీ ఈ ప్రాణికి ఎండే కావాలట అన్నాను.

ఆవిడ మొహం చూస్తూ చూస్తూ ఉండగానే పాలిపోయింది. తరవాత లేచి నిలబడి, నా చేతిలో గ్లాసు నెమ్మదిగా తీసుకుని, నా పసిపిల్లల్ని నేను పాడు చేశానంటావా అంది. అలా అనలేదండీ అన్నా వినలేదు. చచ్చిపోయిన వాటిని కోసి చూసి బతికున్న వాటి సంగతి నువ్వెలా చెబుతావు, మా మేలు చూసి ఓర్వలేక ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ పుల్లలు పెడుతున్నావు అంది. అన్నాళ్ళూ కోడి ముక్కలు ఏరి పెట్టిన చేత్తోనే జాలీ తలుపు నా మొహాన వేసేసింది. ఏడుస్తూనే వేసింది. ఆవిడ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఆవిణ్ణి తిట్టుకోవాలన్నా సగంలో ఆగిపోతాను.

మర్నాటికి సంగతి ప్రొఫెసరుగారికి చేరిపోయింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. నన్ను కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి, నీకు జనంతో కలిసి పనిచేసే గుణం లేదు, సంరక్షణ అంటే సగం జనమే, ఆ సంగతి నీకు ఒంటబట్టలేదు అన్నాడు. మీ దేశపు పద్ధతులు వేరు కావచ్చు అని కూడా అన్నాడు. మా దేశానికీ తాబేటి బీజకోశానికీ సంబంధం ఏమిటో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు. మాస్టర్స్ డిగ్రీ ఇచ్చి గౌరవంగా పంపిస్తాం, డాక్టరేట్‌కి ఇంకెక్కడైనా చూసుకో అన్నాడు. అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఆ రంగంలో ఎవరి తలుపు తట్టినా, మొదట ఆయన్నే అడుగుతారు ఈ పిల్ల ఎలాంటిది అని. లాబ్ తాళంచెవి ఇచ్చేయమన్నాడు, ఇచ్చాను. నా స్లైడ్లు తీసుకెళ్తానని అడిగాను. అవి నీవి కావు, యూనివర్సిటీవి అన్నాడు. నా చేతులతో కోసి, నా చేతులతో రంగు వేసినవి. కనీసం పారేయకండి అని బతిమాలాను. ఛ, ఎందుకు బతిమాలానా అని ఇప్పుడు సిగ్గేస్తుంది.

తరవాత సంగతి మీలో చాలామందికి జరిగినదే. న్యూజెర్సీలో మా మేనమామగారింట్లో తలదాచుకుని, ఒక హాస్పిటల్ లాబ్‌లో రక్తం పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాను. రోజంతా మైక్రోస్కోపే, రోజంతా స్లైడ్లే. కోయడం అక్కర్లేదు, చూసి చెబితే చాలు. నేను చెప్పినదాన్ని అక్కడి డాక్టర్లు మారుమాట లేకుండా నమ్మేవారు, అది ఒక్కటి ఆ ఉద్యోగంలో సుఖం. ఆ ఏడాదే పెళ్ళయింది. మా వారిని మొదటిసారి, న్యూజెర్సీలోనే, ఐసెలిన్ ఊళ్ళో ఒక స్వీటు షాపు ముందు చూపించారు. ఏం చదివావు అని అడిగారు ఆయన, జువాలజీ అన్నాను, అక్కడితో ఆపేశాను. తరవాత కాలిఫోర్నియా వచ్చేశాం. ఫ్రీమాంట్‌లో అప్పటికి ఇళ్ళు ఇంత మండిపోయేవి కావు. మా అమ్మాయి పుట్టింది. తాబేళ్ళ మాట మా ఇంట్లో ఎత్తేవాళ్ళు లేరు, నేనే ఎప్పుడైనా ఎత్తితే ఇల్లంతా మోగిపోయేది.

ఎనభైల చివర్లో మా వారికి ఆఫీసు పని మీద ఫ్లోరిడా వెళ్ళాల్సి వచ్చింది. నన్నూ రమ్మన్నారు. నేను రానంటే రానన్నాను. చివరికి వెళ్ళడమే కాదు, కారు అద్దెకి తీసుకుని ఆ ఊరికి డ్రైవ్ చేయించుకున్నది కూడా నేనే. మనసు అంత తిక్కది. వెళ్ళి చూస్తే షెడ్డు లేదు. ఓక్ చెట్లు ఉన్నాయి, వాటి కింద కార్లు నిలబెట్టుకుంటున్నారు. ఒడ్డుకి నడిచాను. దూరం దూరంగా ఇసుకలో నాలుగు కర్రలు, చుట్టూ ఎర్ర రిబ్బను, మధ్యలో గుంట మీద ఇనప వల. నేను అడిగినదే. నేను ఎలా అడిగానో అచ్చం అలాగే, వల అంచులు ఇసుకలోకి పాతి మరీ ఉంది.

అక్కడ టోపీ పెట్టుకుని ఒక కాలేజీ అమ్మాయి నిలబడి వచ్చినవాళ్ళకి వివరాలు చెబుతోంది. నా చీర చూసి, నాకు అర్థం కాదేమోనని ఒక్కొక్క మాటా విడదీసి, కొంచెం గట్టిగా, నవ్వుతూ చెప్పింది. ఈ వల కింద తాబేటి గుడ్లు ఉన్నాయి మేడమ్, ఎండ వేడికి పొదుగుతాయి, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. ఇదివరకు మా వాళ్ళు పెట్టెల్లో పెట్టి నీడన ఉంచేవాళ్ళట, అందువల్ల అన్నీ మగవే పుట్టేవట, పాపం అప్పట్లో ఎవరికీ తెలియదు కదా అంది. తరవాత మా ప్రొఫెసరుగారి పేరు చెప్పి, ఆయనే ఆ తప్పు కనిపెట్టి, తను కట్టించిన షెడ్డుని తనే పడగొట్టించారు, అంత గొప్ప మనసు ఎవరికుంటుంది చెప్పండి అంది.

మా వారు ఒక అడుగు ముందుకు వేశారు. "నో, లిజన్, మై వైఫ్..." అని మొదలుపెట్టారు. నేను ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏం? చెప్పనీ! నోరు మూసుకుని వినాలా ఏమిటి? నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"ఎవరితో చెప్తారు? ఆ పిల్లకి అప్పటికి పాలపళ్ళు కూడా ఊడి ఉండవు. పదండి."

కారులో కూర్చుని ఏడ్చాను. ఎప్పుడూ ఒక్కమాట ఓదార్చడం చేతకాని మనిషి, ఆ రోజు దారి పొడుగునా స్టీరింగ్ మీద గుద్దుతూ ప్రొఫెసరుగారిని తెలుగులో బండబూతులు తిట్టారు. ఆ ఒక్క ప్రయాణానికి మా వారికి నేను చాలా తప్పులు మన్నించాను. నర్సమ్మగారి గురించి అడగాలని ఉన్నా ఆ అమ్మాయిని అడగలేకపోయాను. ఆవిడ కొన్నాళ్ళ క్రితమే పోయారని తరవాత ఎవరో చెప్పగా విన్నాను. షెడ్డు పడగొట్టేటప్పుడు ఆవిడ ఉన్నారో లేదో, ఉంటే నన్ను తలుచుకున్నారో లేదో తెలుసుకునే దారి లేకపోయింది. ప్రొఫెసరుగారు మాత్రం చాలాకాలం బతికారు. సభల్లో ఆయన ఆ కథే చెప్పేవారట, శాస్త్రజ్ఞుడికి తన తప్పు తను ఒప్పుకునే ధైర్యం ఉండాలని. ఆయన పోయినప్పుడు ఇంటర్నెట్‌లో ఎంతమంది ఎంత బాగా రాశారో! అన్నీ చదివాను. ఒక్కదానిలోనైనా, అప్పట్లో ఒక తెలుగు పిల్ల ఉండేది అన్న ముక్క ఉంటుందేమోనని ఆశగా చదివాను. లేదు.

కాలం ఎంత మారిపోయిందంటే, ఇప్పుడు ఈ సంగతి బడిపిల్లలకి కూడా తెలుసు. నేను ఫార్మలిన్‌లో వేళ్ళు కాల్చుకుని తెలుసుకున్నది ఇప్పుడు రంగురంగుల బొమ్మల పుస్తకాల్లో ఉంటుంది. శాన్ రామన్‌లో ఉన్న మా అమ్మాయికి ఒక కూతురు, కాలేజీలో చదువుతోంది. దానికి వాళ్ళమ్మ ఎప్పుడో నా కథ చెప్పిందట. పోయిన నెల వచ్చినప్పుడు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఎండలు ముదిరి, ఇసుక వేడెక్కిపోయి, ఇప్పుడు ఆ ఒడ్డున దాదాపు ఆడపిల్లలే పుడుతున్నాయట. మగవి కరువైపోతాయేమోనని గుంటల మీద నీడ వేసి, నీళ్ళు చల్లి చూస్తున్నారట. అవును, నీళ్ళు చల్లి. నర్సమ్మగారి చేతిలో నీళ్ళ డబ్బా నా కళ్ళ ముందు కదిలింది.

"అమ్మమ్మా, సో, అప్పుడు మీ బాక్సెస్ చేసింది గుడ్ కదా? ఆ బాయ్ టర్టిల్స్ ఇప్పుడు పెద్దగా అయ్యుంటాయి. నౌ దే నీడ్ దెమ్. యూ షుడ్ బీ హ్యాపీ!" అంది.

దాని మీద కోపం తెచ్చుకోలేదు. లెక్క బాగానే వేసింది. మేము పొరపాటున పుట్టించిన ఆ మగవాటిలో బతికి బట్టకట్టినవి ఉంటే ఈపాటికి ఎదిగి ఎక్కడో తిరుగుతూనే ఉంటాయి, ఈ రోజుల్లో వాటి అవసరం కూడా ఉండే ఉంటుంది. ప్రొఫెసరుగారు చేసిన తప్పు సైతం చివరికి ఆయనకే కలిసొచ్చిందన్నమాట! నాకు నవ్వొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. తాబేళ్ళు బాగుంటే నాకు సంతోషమే, వాటి మీద నాకేం పగ? కానీ ఆ పిల్లకి ఎలా చెప్పాలో తెలియక తల నిమిరి ఊరుకున్నాను. నేను అప్పుడు అడిగింది డాక్టరేట్ కూడా కాదు, నా మాట నిజమో కాదో సరిగ్గా చూడమని అడిగాను. చూసింది ఈ పిల్లే, మేమే వినలేదు అని ప్రొఫెసరుగారు, నర్సమ్మగారు ఇద్దరిలో ఒక్కరు, ఎప్పుడో ఒకప్పుడు, ఎవరి ముందైనా అంటే చాలనుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాను కూడా. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఇక ఆ మాట అనడానికి ఎవరూ మిగల్లేదు.